మా కారు పరీక్ష తప్పింది

పరీక్షలంటే నాకు భయం లేదు. ఎం.ఏ. దాకా ఒక్కటీ తప్పకుండా గట్టెక్కినవాణ్ణి. ఆపైన ఇరవై ఏళ్ళుగా బాన్సువాడలో పిల్లలచేత పరీక్షలు రాయిస్తూ, హాల్లో చప్పుడు కాని చెప్పులు వేసుకు తిరుగుతూ, చొక్కా మడతల్లోంచి చిట్టీలు ఏరుతూ బతుకుతున్నాను. అలాంటి నాకు నలభై ఆరో యేట, పెట్రోలు బంకు పక్కన, నలుగురూ చూస్తూండగా పరీక్ష తప్పిన అవమానం కలిగింది. తప్పింది నేను కాదు, మా కారు. అయితే మాత్రం? కాగితంలో ఉన్నది నా పేరే కదా!

ముందు మా కారు సంగతి కొంచెం చెప్పాలి. 2008లో రిజిస్టరయిన బుల్లి పెట్రోలు కారు. నా చేతికి వచ్చేనాటికే దానికి ఆరేళ్ళు. నంబరు ఇప్పటికీ ఏపీ 25 అనే ఉంది. 2016లో జిల్లాలు మారి మేమంతా నిజామాబాదు వదిలి కామారెడ్డి జిల్లా వాళ్ళమయ్యాము గాని, కారు మాత్రం పుట్టింటి పేరు మార్చుకోలేదు. 2023లో పదిహేనేళ్ళు నిండితే రిజిస్ట్రేషను మరో అయిదేళ్ళకు పొడిగించి తెచ్చుకున్నాము. "అమ్మేస్తే ఒక బీరువా అయినా వస్తుంది కదండీ" అని మా ఆవిడ అంటూనే ఉంది. అమ్మితే మా నాయినను నెలనెలా నిజామాబాదు ఆస్పత్రికి తీసుకెళ్ళేదెలా? ఎనభై దాటిన మనిషి; ఆయాసం. బస్సు మెట్లు ఎక్కలేడు.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం, బండి కొన్న ఏడాదినుంచీ కాలుష్యపు సర్టిఫికెట్టు ఉండాలి. కొత్త తరం బళ్ళకు ఏడాదికొకసారి. మా కారు వంటి పాతవాటికి ఆరు నెలలకొకసారి. అర్ధసంవత్సర పరీక్షలన్నమాట. ఇన్నాళ్ళూ ఆ కాగితం ఎలా వచ్చేదని మీరడిగితే నా దగ్గర జవాబు లేదు. సర్వీసింగుకిచ్చిన బండితోపాటు మెకానిక్కు కాగితం కూడా తెచ్చి చేతిలో పెట్టేవాడు. నేనేనాడూ అడిగిన పాపాన పోలేదు. ఈసారి ఆ మెకానిక్కు ఊళ్ళో లేడు. సరేనని నేనే బోధన్ రోడ్డు మీద బంకు పక్కన ఆగి ఉన్న వ్యాను దగ్గరికి వెళ్ళాను.

వ్యానులోంచి ఒక కుర్రవాడు దిగి నమస్కారం పెట్టాడు. "గుర్తువట్టిన్రా సార్? మీ స్టూడెంటును. సెకండియర్ల మీరు నా చిట్టీ గుంజుకున్నరు గద!" అని నవ్వాడు. గుర్తుపట్టాను. ఎలా మరచిపోతాను? సంధి సూత్రాలన్నీ అగ్గిపెట్టెంత కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకొచ్చిన మహానుభావుడు. ఆ ఓపిక చదువు మీద పెడితే నాకన్నా పెద్ద పండితుడయ్యేవాడు.

కారును స్టార్టులోనే ఉంచమని, ఒక పొడుగాటి గొట్టాన్ని వెనక పొగగొట్టంలోకి దూర్చాడు. జ్వరం వచ్చిన పిల్లవాడి నోట్లో డాక్టరు థర్మామీటరు పెట్టినట్టుంది. వ్యానులో తెర మీద అంకెలు గంతులేసి ఒకచోట నిలబడ్డాయి. కార్బన్ మోనాక్సైడు 2.1 శాతం. మా కారు వయసు వాటికి పరిమితి 0.5. కాలని పెట్రోలు ఆవిరి పది లక్షల పాళ్ళలో 750 మించకూడదు; మాది 960.

"ఫేలైంది సార్" అన్నాడు కుర్రవాడు, తప్పు తనదైనట్టు మెల్లగా.

నేను నమ్మలేదు. వెనక్కి వెళ్ళి చూశాను. పొగే లేదు! మా తర్కశాస్త్రంలో మొదటి పాఠమే ఇది: కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పున్నట్టు. పొగే లేనిచోట నేరమెక్కడిది? అప్పుడే మా పక్కనుంచి వడ్ల బస్తాల లారీ ఒకటి కాకిమూకను వదిలినట్టు నల్లగా వదిలి పోయింది. దాన్ని చూపించాను.

"గది కండ్లకు గనవడ్తది సార్. మీదాన్ల ఉన్నది గనవడది. వాసన గూడ రాదు" అన్నాడు. నిజమే. పెట్రోలు పూర్తిగా కాలకపోతే పుట్టేది ఆ వాయువు. రంగు లేదు, వాసన లేదు. మనిషి నెత్తురులో ఆక్సిజను కూర్చోవలసిన పీట మీద అది దానికన్నా రెండు వందల రెట్లు గట్టిగా కూర్చుంటుంది. తర్కశాస్త్రం రాసినవారి కాలంలో పెట్రోలు కార్లు లేకపోవడం వారి అదృష్టం.

నా మొహం చూసి కుర్రవాడు దగ్గరికి జరిగాడు. "ఏం ఫికరు జెయ్యకుండ్రి సార్. గా కొత్త బండి పొగగొట్టంల పైపు వెడ్త. మీ బండి నంబరు ప్లేటు ఫోటో గొడ్త. కాయితం వస్తది. మీకు గాకపోతే ఇంకెవరికి జేస్త?"

అందులో దురాశ లేదు. అచ్చమైన గురుభక్తి. అందుకే నాకు నోట మాట రాలేదు. ఒకరి పరీక్ష ఇంకొకరు రాస్తే మేము పోలీసుల్ని పిలుస్తాము.

ఇలాంటి తెలివి మన బాన్సువాడ సొత్తేమీ కాదు లెండి. ఫోక్స్‌వాగన్ అంతటి కంపెనీ గుట్టు 2015 సెప్టెంబరులో అమెరికాలో రట్టయింది. పరీక్ష జరుగుతోందని పసిగట్టగానే కారు బుద్ధిమంతుడిలా మెలిగేటట్టు లోపల ఒక ఏర్పాటు పెట్టారు. రోడ్డెక్కగానే నైట్రోజన్ ఆక్సైడులను పరిమితికి నలభై రెట్ల దాకా వదిలేది. అలాంటి డీజిలు కార్లు ప్రపంచంలో కోటీ పది లక్షలు! ఇనస్పెక్టరుగారు వచ్చినప్పుడు, జవాబు తెలిసినవాళ్ళు కుడిచెయ్యి, తెలియనివాళ్ళు ఎడమచెయ్యి ఎత్తండని పిల్లలకు నేర్పిన పంతులు కథ మనకు లేదూ? అదే కథ.

"రేపొస్తానయ్యా" అని బయటపడ్డాను. కాదనలేదు, ఔననీ అనలేదు. నిజం చెప్పాలంటే ఔననే ఉద్దేశంతోనే ఇంటికి వచ్చాను. ఆ వారంలోనే నాయినను ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

మర్నాడు పొద్దున్నే అలవాటు ప్రకారం రేకుల షెడ్డులోకి వెళ్ళి తాళం తిప్పబోయాను. రోజూ కాలేజీకి వెళ్ళేముందు ఇంజను వేడెక్కాలని పావుగంట స్టార్టులో ఉంచడం నా పద్ధతి. షెడ్డుకు మూడు వైపులా గోడలు. నాలుగోవైపు వసారా, అక్కడ నాయిన కుర్చీ. నేను కారు తలుపు తీశానో లేదో, ఆయన లేచి కుర్చీ పట్టుకుని, రెండడుగులకొకసారి ఆగుతూ, ఇంటి వెనక్కి నడుస్తున్నాడు.

"ఎటు నాయినా?"

"నీ బండి లేస్తది గద."

"రోజూ ఇట్లనే పోతవా?"

"ఎండకాలం సంది."

"మరి నాకు చెప్పలేదేం?"

"బండి నీకు అక్కెర. నా ముక్కు ముసల్ది. ఏమని చెప్పాలె?"

ఆయన వెనక పెరట్లో కూర్చోవడం మేమూ చూశాము. బీడీ మానమని నేను కసిరినందుకు అలిగాడనుకున్నాము. ఆరు నెలలుగా ఆయన దగ్గుకల్లా బీడీనే తిట్టాను. ఆ దగ్గుకు బీడీ ఎంత కారణమో, నా కారు ఎంత కారణమో తేల్చడం నా వల్ల కాదు. తాళం జేబులో వేసుకుని ఆవేళ కాలేజీకి నడిచిపోయాను.

సాయంత్రం ఇంకొక మెకానిక్కు దగ్గర బండి విప్పించాను. గాలి వడకట్టే ఫిల్టరులో పిడికెడు ఊక! మన రోడ్ల మీద వడ్లు ఆరబోసే రోజుల్లో తిరిగిన బండి కదా. ప్లగ్గులు మసిబారాయి. పొగలో ఆక్సిజను ఎంత మిగిలిందో చూసి ఇంజనుకు కబురు చెప్పే సెన్సారు చచ్చిపోయి ఎన్నాళ్ళయిందో. ఇంజను గుడ్డిగా పెట్రోలు పోసుకుంటోంది. మైలేజీ తగ్గితే బంకువాణ్ణి తిట్టుకున్నాను నేను. ఈ మూడూ మార్పించి మళ్ళీ వ్యాను దగ్గరికి వెళ్ళాను. 2.1 కాస్తా 0.8 అయింది. మళ్ళీ ఫేలే.

"సార్, మూడు పాయింట్లే" అన్నాడు శిష్యుడు. గ్రేసు మార్కులకోసం నా టేబులు దగ్గర నిలబడే పిల్లల గొంతు అచ్చు అలాగే ఉంటుంది. వద్దన్నాను.

ఈసారి మెకానిక్కు బండి కిందికి దూరి, పొగగొట్టం మధ్యనున్న డబ్బాను పానాతో కొట్టాడు. ఖంగుమంది. "గుల్ల సార్!" అని కేక పెట్టాడు. ఆ డబ్బాలో తేనెపట్టులాంటి పింగాణీ గూడు ఉండాలట. ఆ గూటికి ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి ఖరీదైన లోహాల పూత. పొగలోని విషం ఆ గూళ్ళలోంచి పోతూ విరుగుతుంది. నాకన్నా ముందెవరో దాన్ని రాలగొట్టి, డబ్బాను మాత్రం బుద్ధిగా మళ్ళీ అతికించారు. ఇంజను హుషారుకోసమో, ఆ లోహాలకోసమో! పైకి చూస్తే ఏమీ తెలియదు. అట్ట భద్రంగా ఉండి లోపలి పేజీలు చించేసిన లైబ్రరీ పుస్తకాలు నేను చాలా చూశాను.

కొత్త డబ్బా ధర విని కాసేపు స్టూలు మీద కూర్చున్నాను. ఆ నెల మాకు చీటీ వచ్చింది. అది బీరువా డబ్బు. ఇంటికి వెళ్ళి మా ఆవిడతో ఎలా ప్రారంభించాలా అని సాధు గ్రాంథికంలో ఒక ఉపోద్ఘాతం తయారుచేసుకున్నాను. ఆవిడ మొత్తం వినలేదు. పెరటి వైపు ఒకసారి చూసి, "బట్టలు దండెం మీద ఉంటే కొంప మునగదులెండి" అంది.

డబ్బా హైదరాబాదునుంచి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఈలోగా నాయినను కిరాయి ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. దారి పొడుగునా ఆటోవాడికి నిజాంసాగర్ నీళ్ళ సంగతులు చెబుతూ ఆయన నాకన్నా సుఖంగానే ఉన్నాడు.

మూడోసారి గొట్టం పెట్టినప్పుడు నేను తెర వైపు చూడలేదు. ఫలితాలు వేలాడదీసిన బోర్డు దగ్గరికి పోలేక చెట్టు చాటున నిలబడే పిల్లవాడిలా రోడ్డు వైపు చూస్తూ నిలుచున్నాను.

"0.2 సార్! ఫస్టు క్లాసు!" అని అరిచాడు శిష్యుడు. ఆవిరి 180. కాగితం తీసి ఇస్తూ, "గా చిట్టీ సంగతి మనసుల వెట్టుకోకుండ్రి సార్" అన్నాడు, ఏ చిట్టీయో చెప్పకుండా.

ఇంటికి వచ్చి కాగితం నాయినకు చూపించాను. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని, నంబరు ప్లేటు ఫోటో చూసి, "బండి మంచిగ పడ్డది" అన్నాడు. ఇక వసారాలోనే కూర్చోవచ్చునని, షెడ్డులో బండి స్టార్టు చెయ్యనని, వీధిలోకి తోసుకెళ్ళే చేస్తానని చెప్పాను. కుర్చీ తేబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనియ్. ఈడ వేపచెట్టు నీడ మంచిగున్నది. మల్ల ఎప్పుడు చూపియ్యాలె బండి?"

"ఆరు నెలలకు."

"అయితే అప్పుడు చూద్దాం తియ్" అని బీడీ వెలిగించాడు. నేనేమీ అనలేదు.