రేపు రమ్మన్న కూలి

మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. నిరుడు వేసవిలో మా మిరప కల్లంలో తాలుకాయలు ఏరిన ముసలమ్మ పొద్దుగూకి కూలి అడిగింది. "చిల్లర లేదు, రేపు రా" అన్నాను.

మర్నాడు శనివారం. ఆ మాటే మరచి చేబ్రోలు వెళ్ళాను. పక్కనే కొత్తరెడ్డిపాలెంలో 1991లో వెలసిన యూదుల ప్రార్థన మందిరం చూడబోయాను. వారిని బెనే ఎఫ్రాయిములంటారు. తెలుగువారే, చాలామంది కూలిపనులవారే. యూదులు తోరాను 54 భాగాలు చేసుకుని, వారం వారం చదువుతూ ఏడాదిలో ముగిస్తారు. ఆ వారం వంతు 'కెదోషీం'. కూలివాని కూలి తెల్లవార్లూ దగ్గర ఉంచుకోరాదని అందులో ఉందట. నాకిక అక్కడ కూర్చోబుద్ధి కాలేదు.

రాత్రి ముసలమ్మ గుడిసెకు వెళ్ళి డబ్బు చేతిలో పెట్టాను. "ఇంత రాత్రివేళ ఎందుకు బాబూ, రేపిస్తే పోలా?" అంది నవ్వుతూ.

ఆమె వెనుక పొయ్యి చల్లగా ఉంది.