పల్లోళ్ళ హోటలు (మా పేట కథలు – 23)

పోయిన భాగంలో మా పెదనాన్న టీ గ్లాసు గురించి రాశాను. ఊళ్ళో టీకొట్టు చూరులో దోపి ఉండే గ్లాసు. తనే తీసుకోవాలి, తాగి తనే కడగాలి, మళ్ళీ తనే చూరులో పెట్టి రావాలి. "ఆ పెదనాన్న పిల్లలు ఇప్పుడేం చేస్తున్నారన్నా?" అని కింద ముగ్గురు అడిగారు. పెద్దోడు హోటలు పెట్టాడు. ఈ భాగం ఆ హోటలు గురించే. మధ్యలో కొంచెం గూగుల్ గోల ఉంటది, ఓపిక పట్టండి.

అన్నయ్య హోటలు మాచర్ల రోడ్డు మీద. 4 బల్లలు, ఒక పెనం, 2 ఇడ్లీ పాత్రలు. తెల్లారుజామున నాలుగున్నరకే పొయ్యి వెలిగిద్ది. సిమెంటు లారీలోళ్ళు, సాగర్ చూడ్డానికి పోయే వ్యానులోళ్ళు ఆగుతారు. ఊళ్ళోవాళ్ళు తక్కువ. ఎందుకు తక్కువో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఒకరోజు ఫోను. "ఒరే తమ్ముడూ, మన హోటలు ఫోన్లో ఎక్కడో పల్లె లోపల చూపిస్తందంట రా. వ్యాను డ్రైవరు చర్చి దాకా పోయి, కుక్కలు తరిమితే వెనక్కొచ్చాడంట. ఇంతకీ అక్కడ ఏం పేరుందో చూడు."

చూశాను. ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది: పల్లోళ్ళ హోటలు.

మా వైపు కానివాళ్ళకి ఒక్క మాట. గుంటూరు వైపు "పల్లె" అంటే పల్లెటూరు కాదు. ఊరు వేరు, పల్లె వేరు. మాలపల్లె, మాదిగపల్లె. "పల్లోళ్ళు" అంటే ఎవరో చిన్నపిల్లోడికి కూడా తెలుసు. మా అన్నయ్య బోర్డు మీద తన ఇద్దరు కూతుళ్ళ పేర్లలో మొదటి అక్షరాలు కలిపి "టిఫిన్స్" అని రాయించుకున్నాడు. పెయింటరుకి 1,800 ఇచ్చాడు. ఊరు మాత్రం ఆ బోర్డు ఏనాడూ చదవలేదు. ఊళ్ళో పిలిచే పేరునే ఎవరో మ్యాపులోకి ఎక్కించారు. ఎవరైనా ఎక్కించొచ్చు, అందులో తప్పు పట్టడానికి లేదు, మ్యాపులు జనం చేతుల్తోనే నిండుతాయి. ఎక్కించినోడు పగతో చేశాడో, అదే అసలు పేరనుకుని చేశాడో ఇప్పటికీ తెలీదు. రెండోదైతేనే నాకు ఎక్కువ బాధ.

ఆదివారం వస్తానని చెప్పాను. పేరు మనమే నేరుగా మార్చుకోవాలంటే ముందు ఆ లిస్టింగు మాదే అని నిరూపించుకోవాలి. దానికి వీడియో తీసి పంపాలి. రోడ్డు కనపడాలి, బోర్డు కనపడాలి, లోపల సామాను కనపడాలి, ఆ కొట్టు నడిపేది మనమే అని తెలిసేట్టు గల్లాపెట్టో వంటగదో తెరిచి చూపించాలి. మధ్యలో కోత ఉండకూడదు, ఒకటే ఏకబిగిన తీయాలి.

నేను వెళ్ళేసరికి హోటలు కడిగి ముగ్గేసి ఉంది. గల్లాపెట్టె వెనక గోడ మీద నలుచదరంగా ఒక తెల్లటి మచ్చ. చుట్టూ గోడంతా పొగకి నల్లబడింది, అక్కడొక్కటే కొత్త సున్నంలా ఉంది. బాబాసాహెబ్ ఫోటో ఉండే చోటు అది. నేను మచ్చ వైపు చూడటం అన్నయ్య చూశాడు. ఏమీ అనలేదు. వదినే అంది, "బియ్యం గదిలో పెట్టాడు మరిదీ. రాత్రి తుడిచి, తుండుగుడ్డలో చుట్టి పెట్టాడు."

నేను జిల్లా కేంద్రంలో మైకు పట్టుకుని గంటసేపు ఆత్మగౌరవం మీద మాట్లాడతాను. ఆ గోడ ముందు ఒక్క మాట రాలేదు. కాసేపటికి అన్నయ్యే మొదలుపెట్టాడు. "కోనసీమలో ఏమైందో నువ్వే రాశావు కదరా. జిల్లాకి ఆయన పేరు పెడతామంటేనే మంత్రి ఇల్లు తగలబెట్టారు. నాది ఇల్లు కాదు, రేకుల షెడ్డు." అది 2022 మే నెల, అమలాపురం. నేను రాసిందే నాకు అప్పజెప్పాడు.

వదిన ఇంకో అడుగు ముందుకేసింది. "పెద్దదానికి ఇంటరు ఫీజు కట్టాలి. ఫోటో వంటింట్లో ఉన్నా ఆయన ఆయనే."

నాకప్పుడు బరోడా గుర్తొచ్చింది. 1917లో అమెరికాలోనూ లండన్‌లోనూ చదివొచ్చిన అంబేద్కర్‌కి బరోడాలో ఉండటానికి గది దొరకలేదు. పార్శీ సత్రంలో పార్శీ పేరు చెప్పుకుని దిగారు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చి ఖాళీ చెయ్యమన్నారు. ఆయనే రాసుకున్న సంగతి ఇది. ఆ తర్వాత బొంబాయిలో షేర్ల వ్యాపారులకి సలహాలిచ్చే ఆఫీసు ఒకటి పెట్టుకున్నారు. సలహా మంచిదే, వచ్చేవాళ్ళూ వచ్చారు. కులం తెలిశాక రావడం మానేశారు, ఆఫీసు మూతబడింది. ఆయన ఫోటో దాస్తున్నాడని మా అన్నయ్య మీద నేను ఏ మొహంతో కోప్పడను? వీడియో తీశాను. తెల్లమచ్చ మీద నుంచి కెమెరాని కొంచెం గబగబా తిప్పాను. ఆ పని చేసింది నేనే, అన్నయ్య కాదు.

కొద్ది రోజులకి లిస్టింగు మా చేతికొచ్చింది. తర్వాత పని నిజానికి చాలా మామూలుది, కొట్టున్న ప్రతి ఒక్కరూ ఒక సాయంత్రం కూర్చుని చేసుకోవచ్చు. పిన్ను చర్చి దగ్గర నుంచి లాగి రోడ్డు మీద పెట్టాం. "రెస్టారెంటు" అని ఊరికే ఉన్నదాన్ని సౌత్ ఇండియన్ రెస్టారెంటుగా మార్చాం. ఫోన్ నంబరు, ధరలతో మెనూ, పగటి వెలుగులో తీసిన ఫోటోలు పెట్టాం. ముఖ్యంగా టైము. తెల్లారి అయిదింటికి వ్యానులో కూర్చుని దగ్గర్లో టిఫినెక్కడని వెతికేవాడికి "ఇప్పుడు తెరిచి ఉంది" అని కనపడటమే సగం పని. గూగుల్ చూసేది మూడు సంగతులని వాళ్ళే చెప్తారు: వెతికినదానికి నువ్వు సరిపోతావా, ఎంత దూరంలో ఉన్నావు, నీ గురించి ఎంతమందికి తెలుసు. మొదటి రెండూ మా చేతిలో ఉన్నాయి. మూడోది ఊరి చేతిలో ఉంది.

టైము దగ్గర కూడా ఒక చిన్న తిరకాసు. ఆదివారం తొమ్మిదిన్నరకి మూసేస్తారు, చర్చికి పోవాలి. "ఆదివారం తొమ్మిదిన్నర అని పెడితే తెలిసిపోద్దేమో" అంది వదిన. మనవాళ్ళు దాచుకోవాల్సినవి ఎన్నుంటాయో లెక్క పెట్టుకుంటూ పోతే హోటలు టైము కూడా అందులోకి వస్తదని నేను అప్పటిదాకా అనుకోలేదు. అడ్రసులో "అంబేద్కర్ నగర్ ఎదురుగా" అని రాద్దామని నాకుంది. అన్నయ్య వద్దన్నాడు. రోడ్డు పేరు, డోరు నంబరు చాలన్నాడు. హోటలు ఆయనది, అప్పు ఆయనది. సరేనన్నాను.

ఇంతలో ఒక ఏజెంటు తగిలాడు. 6,000 ఇస్తే పేరు పక్కన "బెస్ట్ టిఫిన్స్" అని తగిలించి, 50 రివ్యూలు పెట్టిస్తానని. అన్నయ్య దాదాపు ఇచ్చేశాడు. నేను ఆపాను. బోర్డు మీద లేని మాట పేరులో కలిపితే, కొన్న రివ్యూలు బయటపడితే, ఉన్న లిస్టింగు కూడా పోవచ్చు. లిస్టింగు పెట్టుకోవడానికి పైసా కట్టక్కర్లేదు. ఎవరైనా ఫోన్ చేసి డబ్బులు కట్టకపోతే తీసేస్తామంటే పెట్టేయండి, అంతే. ఆ ఏజెంటు చివర్లో ఇంకో సలహా ఉచితంగా ఇచ్చాడు: పేరు ముందు "శ్రీ" పెట్టుకోమని. అన్నయ్య నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

నిజం రివ్యూలు మెల్లగా వచ్చాయి. తిని డబ్బులిచ్చేటప్పుడు నోరు తెరిచి అడగటం అన్నయ్యకి చాతకాదు. చిన్నమ్మాయి అట్టముక్క మీద "మా టిఫిన్ నచ్చితే ఫోన్లో రెండు ముక్కలు రాయండి" అని రాసి గల్లాపెట్టెకి అంటించింది. కారప్పొడి దోశ బాగుందని ఒకరు, చట్నీ రెండోసారి అడిగినా విసుక్కోలేదని ఒకరు, బాత్రూం లేదని ఒకరు. బాత్రూం మాట నిజమే, దానికి అప్పు చేస్తున్నాడు.

రెండో నెలలో ఒక్క చుక్క రివ్యూ పడింది. ఇంత రాసుంది: "తినేముందు ఎవరిదో కనుక్కుని తినండి."

నాలుగుసార్లు చదివాను. అందులో కులం పేరు లేదు. తిట్టు లేదు. రుచి గురించి లేదు, శుభ్రం గురించి లేదు. పోలీస్ స్టేషనుకి పట్టుకెళ్తే "ఇందులో ఏముందయ్యా" అంటారు. ఏ యంత్రం చదివినా, ఏ పరాయి రాష్ట్రంవాడు చదివినా మర్యాదైన సలహా అనుకుంటాడు. తెలుగు ఊళ్ళో పుట్టినవాడికి తప్ప ఆ వాక్యం కంపు తెలీదు.

రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు మాకు హోటళ్ళలోకి, కొట్లలోకి పోయే హక్కిచ్చింది. మా పెదనాన్న గ్లాసు చూరులోంచి దిగడానికి ఆ క్లాజూ, 17వ అధికరణమూ ఎంత పనిచేశాయో, దెబ్బలు తిన్న మనుషులు అంతకంటే ఎక్కువ పనిచేశారు. ఆ పోరాటమంతా వాళ్ళ హోటల్లోకి మేం పోవడానికి. మా హోటలుకి వాళ్ళు రావడానికి ఏ క్లాజూ లేదు. గుంపుగా కట్టుబాటు చేసి బహిష్కరిస్తే నేరం, 2015 సవరణ తర్వాత ఎస్సీ ఎస్టీ చట్టంలో ఆర్థిక బహిష్కరణ అని స్పష్టంగా ఉంది. కానీ ఒక మనిషి ఇడ్లీ తినకుండా ముందుకెళ్ళిపోవడం నేరం కాదు. కాకూడదు కూడా. మరి ఇంకొకణ్ణి తిననివ్వకుండా ఆపే ఆ ఒక్క లైను?

ఫిర్యాదు పెడదామన్నాను, స్క్రీన్‌షాట్ తీసి ఇక్కడ పోస్టు చేద్దామన్నాను. మీరంతా వచ్చి యాభై మంది అయిదు చుక్కలు కొట్టేవాళ్ళు, నాకు తెలుసు. అన్నయ్య వద్దన్నాడు. తినకుండా చుక్కలు కొడితే అవీ ఆ ఏజెంటు రివ్యూల్లాంటివే కదరా అన్నాడు. ఆ రాత్రి చిన్నమ్మాయి చేత తనే జవాబు టైపు చేయించాడు. నేను పొద్దున చూశాను: "మాదేనండి. తెల్లారి నాలుగున్నరకే తీస్తాం. ఆదివారం తొమ్మిదిన్నర దాకా. రండి."

ఏప్రిల్ 14న పేట కుర్రాళ్ళు కేకు తెచ్చారు. అన్నయ్య బియ్యం గదిలోంచి ఫోటో తెచ్చి, దండేసి, పాత మేకుకే తగిలించాడు. మర్నాడు దండ తీశాడు కానీ ఫోటో తియ్యలేదు. నేనేమీ అడగలేదు.

మే నెలలో మళ్ళీ ఫోను. ఎవరో సాగర్ పోతూ ఆగి, ఇడ్లీ ప్లేటు ఫోటో తీసి లిస్టింగులో పెట్టారు. ప్లేటు వెనకాల, గల్లాపెట్టె పైన, నీలం కోటులో బాబాసాహెబ్ పూర్తిగా పడ్డారు.

"మనం తీసెయ్యొచ్చా రా?" అన్నాడు.

కస్టమరు పెట్టింది మనమే తీసెయ్యలేం, తప్పుడు ఫోటో అయితే ఫిర్యాదు పెట్టొచ్చు, ఇది తప్పుడు ఫోటో కాదు కదా అన్నాను. అవతల కాసేపు పెనం మీద నీళ్ళు చల్లిన చప్పుడు వినపడింది.

"సర్లే, ఉండనీ. చట్నీ రంగు బాగా పడింది."