రొట్టెల లెక్క

రైలు ప్రయాణానికి డిటెక్టివు నవలను మించిన తోడు లేదు. కాచిగూడలో గద్వాల బండి ఎక్కినప్పుడు ఈసారి నా సంచిలో ఉన్నది యుగంధర్ కాదు. హన్నా స్వెన్సెన్ అనే అమెరికా ఆవిడ. బిస్కెట్లు కాల్చి అమ్ముకోవడం ఆవిడ వృత్తి. జోన్ ఫ్లూక్ అనే రచయిత్రి ఈ వరుసలో మొదటి నవలను 2000లో వెలువరించింది. దుకాణం వెనక పాలబండి మనిషి హత్య అవుతాడు. కొట్టుకు వచ్చేవాళ్ల కబుర్లు వింటూ, ఆరాలు తీస్తూ ఆవిడే కూపీ లాగుతుంది. మధ్యమధ్య బిస్కెట్ల తయారీ కూడాను, కొలతలతో సహా! నెత్తురు తక్కువ, వెన్న ఎక్కువ.

కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్, రాజూ మద్రాసంతా గాలించారు. టెంపోరావుగారినీ, విశ్వప్రసాద్‌గారినీ అద్దెకు తెచ్చుకుని చదివిన ఇల్లాళ్లు ఎందరో! అయినా పొయ్యి ముందు కూర్చున్న మనిషికి మనవాళ్లు పరిశోధకపదవి ఇచ్చిన జ్ఞాపకం నాకు లేదు. ఇవ్వవలసిందని గద్వాలలో తోచింది.

కృష్ణ దాటగానే గద్వాల. పెద సోమభూపాలుడి కోట, లోపల చెన్నకేశవాలయం, ఆ కోటలోనే కళాశాల. చీరల సంగతి వేరే చెప్పాలా? నేను నిలిచిపోయింది మాత్రం బస్టాండు దగ్గర జొన్నరొట్టెల పొయ్యి ముందు. మరిగే నీళ్లతో పిండి కలిపి, అరచేత్తో చప్పుడు చేస్తూ తట్టి, పెనం మీద వేసి, పైన తడిగుడ్డ అద్దుతోంది ఓ పెద్దావిడ. అప్పడాలకర్ర ఊసే లేదు. ఎవరు ఎక్కడికి పోయేదీ ఆవిడకు తెలుసు.

"ఎట్లా తెలుస్తుందమ్మా?" అన్నాను.

"రెండు రొట్టెలు తీస్కుంటే పొద్దుగూకెటాల్లకు వస్తడు సారూ. ఇరవై కడక్ రొట్టెలు కట్టిచ్చుకున్నడంటే పూనానో, బొంబాయో. మల్ల పండుగకే!"

హన్నాగారు ఇంతకంటె చేసిందేమిటి?

వనపర్తిలో ఎక్కువసేపు ఆగలేదు. సంస్థానాధీశుల భవనంలో పాలిటెక్నిక్ నడుస్తోంది. చదువుకు అంతకంటె మంచి మేడ దొరకదు. అక్కణ్ణుంచి బిజినేపల్లి మీదుగా నాగర్‌కర్నూలుకు బస్సు. బండిచక్రాలకు వేసే కందెన నుంచి ఆ ఊరికి పేరు వచ్చిందని చెప్పుకుంటారు. ఈ మూడు ఊళ్లూ 2016లో జిల్లా కేంద్రాలైనాయి.

దారిలో ఒక పల్లె దగ్గర బస్సు చాలాసేపు నిలిచింది. వరసగా నాలుగిళ్లకు తాళాలు. నవలలో తాళం వేసిన గదిలో శవం ఉంటుంది. పాలమూరు సీమలో తాళం వేసిన ఇంటికి అపరాధ పరిశోధన అక్కర్లేదు; వలస అని బస్సులో పిల్లవాడు కూడా చెబుతాడు. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు పారిన చోట కొంత తగ్గిందట. ఇక్కడ ఇంకా తాళాలే. వానలేమి, అప్పు, మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు — ముద్దాయిలు అందరికీ తెలిసినవాళ్లే. పట్టుకునేవాళ్లే లేరు.

ఒక అరుగు మీద ముసలమ్మ మనవరాలికి రొట్టె పాలల్లో నానబెట్టి పెడుతోంది.

"కొడుకూ కోడలూ ఎప్పుడొస్తారవ్వా?"

"పోయేనాడు ముప్పై రొట్టెలు చేసిచ్చిన" అందావిడ. ఇంటి తాళంచెవి ఆవిడ కొంగున ముడివేసి ఉంది.