ఎర్ర బకెట్

మా ఇంట్లో గుడ్డలుతికే బండ దగ్గర రెండు బకెట్లుంటాయి. నీలం బకెట్ అందరిదీ. ఎర్రది మా ఆయన ఒక్కడిదే. చుట్టాలెవరైనా తెలీక ఎర్రదాంట్లో చీర నానబెడితే అరిచినంత పని చేస్తాను. "మొగుడి గుడ్డలంటే అంత అసహ్యమేందమ్మే?" అని మా పెద్దత్త ఒకసారి అననే అనింది. ఆమెకు చెప్పిన సంగతే మీకూ చెప్తాను.

మా ఆయన పైపులకు చొక్కాలు తొడిగే పని చేస్తాడు. నవ్వొద్దండి, మా పాప చిన్నప్పుడు బడిలో అట్లే చెప్పింది. బెంగళూరులో ఆసుపత్రులకూ హోటళ్లకూ ఆఫీసు బిల్డింగులకూ ఏసీ నీళ్ల పైపులు, వేడినీళ్ల పైపులు ఉంటాయి కదా, వాటికి ఇన్సులేషన్ చుట్టడం. ఫ్యాక్టరీల్లో ఆవిరి పైపులకైతే ఇంకా పెద్ద పని. సోమవారం తెల్లారకముందే రామకుప్పం నుంచి కుప్పం పోయి రైలెక్కితే మళ్లీ శనివారం రాత్రికే ఇంటికి.

పెళ్లయిన కొత్తలో "పైపులకు గుడ్డ కప్పేదానికి కూడా కూలీ ఇస్తారా మామా?" అని అడిగినాను. ఏమీ మాట్లాడకుండా స్టీలు చెంబులో ఫ్రిజ్ నీళ్లు పోసి పొయ్యిగట్టు మీద పెట్టినాడు. కాసేపటికి చెంబుకు చెమట పట్టి గట్టంతా తడి. "ఏసీ పైపులో నీళ్లు ఏడు డిగ్రీల దగ్గరుంటాయి. గాలిలో తేమ దానికి తగిలి ఇట్లే నీళ్లవుతుంది. సీలింగ్ మీద చుక్కలు చుక్కలు పడతాయి, పైపు తుప్పు పడుతుంది" అన్నాడు. అందుకని నల్ల రబ్బరు గొట్టం తొడిగి, అతుకులకు గమ్ము పూసి, పైన టేపు వేస్తారు. సన్నటి సందున్నా తేమ లోపలికి దూరి, పైకి కనపడకుండా రబ్బరు కిందే నీళ్లు చేరతాయంట. వేడి పైపులకు రబ్బరు కాదు, గాజు ఉన్ని పరుపులో, రాతి ఉన్ని పరుపులో చుట్టి, కోళ్లగూటికి కట్టే వల బిగించి, పైన అల్యూమినియం రేకు తొడుగుతారు. లేకపోతే వేడంతా గాలి పాలు, పక్కన పోయేవాడి చెయ్యి తగిలితే కాలుతుంది.

ఆ గాజు ఉన్నితోనే నా కష్టం మొదలైంది. పాపకు ఇంకా ఏడాది నిండలేదు. ఆయన ప్యాంట్లూ పాప లంగోటీలూ ఒకే బకెట్లో నానబెట్టేదాన్ని. పాప తొడలు ఎర్రగా కంది, రాత్రంతా ఏడుపు. వేడి చేసిందని ఒకరు, దిష్టి అని ఒకరు. వేపాకు నీళ్లు పోసినాను, కొబ్బరినూనె రాసినాను. ఒకరోజు ఎండకు చూస్తే లంగోటీ మీద సన్న నూలుపోగుల్లాంటివి తళుక్కుమన్నాయి. మర్నాడే సంతలో ఎర్ర బకెట్ కొన్నాను.

అంతటితో తీరిందనుకున్నాను. దురద కదా, ఉతికితే పోతుంది.

కొన్నేళ్ల తర్వాత ఒక పాత ఫ్యాక్టరీలో పని పడింది. కొత్తది చుట్టడం కాదు, ఆవిరి పైపుల మీద ఎన్నేళ్ల కిందటిదో పూత సుత్తితో కొట్టి తీసేయడం. మూడు వారాలు. ముక్కుకు కట్టుకునేదానికి చేతిగుడ్డ తప్ప ఇంకేమీ ఇవ్వలేదు. శనివారం ఇంటికొస్తే సంచిలో గుడ్డలు తెల్లగా ఉండేవి. వాటిని నేను వాకిట్లో నిలబడి దులిపేదాన్ని. ముగ్గుపిండి రాలినట్టు రాలేది. చీపురుతో ఊడ్చినాను కూడా. పాప అక్కడే ఆడుకుంటా ఉండేది.

ఆ తర్వాతి చలికాలం ఆయనకు దగ్గు తగ్గలేదు. కుప్పంలో డాక్టరమ్మ ముందు "ఏం పని చేస్తావు?" అనడిగింది. అన్నేళ్లలో ఆ మాట అడిగిన డాక్టరు ఆమె ఒక్కతే. పాత పూత సంగతి చెప్పగానే పెన్ను కింద పెట్టింది. వెనకటి రోజుల్లో ఆవిరి పైపులకు ఆస్‌బెస్టాస్ కలిపి పూసేవాళ్లంట. మీరు కొట్టింది అదో కాదో పరీక్ష చేయకుండా చెప్పలేను అనింది. అది తీయాలంటే తడిపి, సరైన మాస్కు పెట్టుకుని, తీసిందాన్ని సంచిలో మూట కట్టాలంట. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. నేను దండం పెట్టబోతే ఆపి, "ఇది ఇరవై ముప్పై ఏళ్లకు కూడా బయటపడొచ్చు. ఈ ఎక్స్‌రే పారేయొద్దు" అనింది.

ఆ రాత్రి పాప చేత ఫోన్లో చదివించుకున్నాను. గాజు ఉన్నిని క్యాన్సర్ తెస్తుందని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2001లో తేల్చిందంట. ఆస్‌బెస్టాస్ మాత్రం తెస్తుందని తేలినవాటిలోనే ఉంది. 1965లో లండన్‌లో ఒక పరిశోధన వచ్చిందంట. ఫ్యాక్టరీ గడప తొక్కని ఆడవాళ్లకు కూడా ఆ క్యాన్సర్ వచ్చింది. వాళ్లు చేసిందల్లా ఇంట్లో పనివాడి గుడ్డలు ఉతకడం. పాప అక్కడ ఆగి నా మొహం చూసింది. నేను లేచిపోయి పాలు కాగబెట్టినాను.

ఇంకొకటి కూడా చదివింది. 1995లో సుప్రీంకోర్టు, ఆస్‌బెస్టాస్ కంపెనీలు ఒక్కో కార్మికుడి ఆరోగ్య రికార్డు పనిలో చేరిన నాటినుంచి కనీసం 40 ఏళ్లు, లేదా పని మానేసినాక 15 ఏళ్లు, రెండిట్లో ఏది తర్వాతొస్తే అంతవరకూ దాచాలని తీర్పిచ్చింది. మా ఆయన మేస్త్రీ కింద పనివాడు. మూడు వారాల్లో ఎవరి పుస్తకంలోనూ ఆయన పేరు ఎక్కలేదు. ఇంక ఎవరు దాస్తారు?

ఇప్పుడు పాత పూత తీసే పనికి పోనని మేస్త్రీకి చెప్పేసినాడు. దానికి రెండు నెలలు మా ఇంట్లో గొడవ, ఆ పనికి కూలీ ఎక్కువ మరి. పని గుడ్డలు అక్కడే విడిచి స్నానం చేసి రైలెక్కుతాడు. తెచ్చినవి విప్పకుండా, దులపకుండా నేరుగా ఎర్ర బకెట్లోకి, నీళ్లలోకి. పశువుల కొట్టం మీద సిమెంటు రేకులు కూడా పగలకుండా చూసుకుంటున్నాము, వాటిలోనూ అదే ఉంటుందంట.

ఎక్స్‌రే ట్రంకుపెట్టెలో పట్టుచీరల కింద ఉంది. కవరు మీద తేదీ, పని చేసిన మూడు వారాలు, నేను గుడ్డలు దులిపిన శనివారాలు రాసిపెట్టినాను. పాప పేరు కూడా రాయాలా వద్దా అని చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. రాసినాను.