కొత్త జ్వరం

జ్వరం మన ఇళ్ళలో ఎంత పాత చుట్టమో చెప్పనక్కరలేదు. చరకుడు నిదానస్థానాన్ని మొదలుపెట్టిందే జ్వరంతో. మిగతా రోగాలన్నీ ఆ తరువాతే. మన అమ్మమ్మలకు ఆ గ్రంథం పేరు తెలియకపోయినా లంఘనం పరమౌషధమన్న ముక్క మాత్రం తెలుసు. నుదుటి మీద చెయ్యి వేసి చూడడం, దుప్పటి కప్పడం, మిరియాల చారు, మూడోనాటికీ తగ్గకపోతే డాక్టరు. ఇదీ మనకు పరిచయమున్న జ్వరం.

ఈ టపాలో చెప్పబోయేది ఆ జ్వరం గురించి కాదు. ఇది ఐసీయూలో పుట్టే జ్వరం. మనిషి మరేదో కారణంతో చేరతాడు. వారమో పది రోజులో గడుస్తాయి. ఇక గండం గడిచినట్టేనని అందరూ అనుకుంటూండగా ఒక రాత్రి పట్టికలో 102 అన్న అంకె పడుతుంది. దాన్ని మేము కొత్త జ్వరం అంటాము. వచ్చేటప్పుడు తెచ్చుకున్నది కాదు, మా దగ్గరికి వచ్చాక పుట్టినది అని అర్థం.

నేను ఈ పనిలో పడి ఇరవయ్యేళ్ళు కావస్తోంది. అర్ధరాత్రి నన్ను ఎక్కువసార్లు నిద్ర లేపినది ఆగిపోయిన గుండె కాదు, ఈ అంకే. గుండె ఆగితే ఏం చెయ్యాలో అక్కడున్న ప్రతివారికీ తెలుసు. నాకు ఫోను చేసే తీరికైనా ఉండదు. జ్వరానికి మాత్రం ఫోను వస్తుంది. "సార్, ఏడో బెడ్‌కి టెంపరేచర్ వచ్చింది. యాంటీబయాటిక్ మార్చమంటారా?" రెండే వాక్యాలు. మొదటిదానికీ రెండోదానికీ నడుమ కనీసం గంటసేపు చెయ్యవలసిన పని ఉంది. ఆ గంట ఎక్కడికి పోతోందన్నదే నా బాధ.

అసలు ఎంత ఉంటే జ్వరం? జర్మనీలో వుండర్లిష్ అనే వైద్యుడు వేలమంది రోగుల చంకలో థర్మామీటరు పెట్టి చూసి, 1868లో ఒక పెద్ద గ్రంథం వేశాడు. మనందరికీ కంఠస్థమైన 98.6 ఆయన పుణ్యమే. ఆయన వాడిన పరికరం అడుగు పొడవుండేదట. 1992లో అమెరికాలో మళ్ళీ కొలిచి చూస్తే ఆరోగ్యవంతుల సగటు 98.2 దగ్గర తేలింది. ఐసీయూకి వేరే గీత ఉంది. అమెరికా క్రిటికల్ కేర్ వైద్యుల సంఘమూ, అంటురోగాల వైద్యుల సంఘమూ కలిసి 2008లో ఒకసారి, 2023లో మరోసారి ఈ విషయంపై మార్గదర్శకాలు ప్రకటించాయి. వాటి ప్రకారం 38.3 సెల్సియస్, అంటే మన లెక్కలో దాదాపు 101, దాటితే కారణం వెదకాలి. మూత్రాశయంలోనో అన్నవాహికలోనో ఉండే కొలమానాన్ని నమ్మాలి. అది లేకపోతే నోటిలోనో మలద్వారంలోనో చూడాలి. చంకను అంతగా నమ్మకూడదు. వుండర్లిష్ గారు వింటే నొచ్చుకుంటారేమో గాని, రెండు దుప్పట్ల కింద చేతిని సరిగా అదిమి పెట్టకుండా తీసిన అంకెకు పెద్ద విలువ లేదన్నది రోజూ చూస్తున్నదే. పైగా డయాలిసిస్ యంత్రం మీద ఉన్నవాడి రక్తం బయట తిరిగి చల్లబడి వస్తుంది. వాడికి ఎంత ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం కనబడకపోవచ్చు. ముసలివాళ్ళలోనూ, స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్ళలోనూ అంతే. జ్వరం ఉండడం ఎంత ప్రశ్నో, ఉండవలసిన చోట లేకపోవడమూ అంతే ప్రశ్న.

ఇక ఆ పోయిన గంట సంగతి. అందులో చెయ్యవలసిన మొదటి పని దుప్పటి తియ్యడం. నవ్వకండి. ఐసీయూలో మనిషి శరీరం కంటే మనిషి మీది తెరలే ఎక్కువ కనబడతాయి. మెడలో సెంట్రల్ లైను, చేతికి సెలైను, ముక్కులో గొట్టం, మూత్రానికి పైపు, పొట్టకు కట్టు. ఒక్కొక్కటీ ఒక్కొక్క తలుపు, ఏ తలుపులోంచైనా సూక్ష్మజీవి లోపలికి రావచ్చు. కట్టు విప్పి గాయం చూడాలి. పక్కకు దొర్లించి వీపు చూడాలి, నడుము కింద పుండు పడిందేమో చూడాలి. పిక్కలు రెండూ పట్టి చూడాలి, ఒకటి వాచి గట్టిపడి ఉంటే అక్కడ రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఒకసారి వేరే ఊరి నుంచి వచ్చిన రోగికి ఛాతీ ఎక్స్‌రే, మూత్రం, రక్తం అన్నీ చూడబోతూ కాలి పట్టీ విప్పితే చీలమండ దగ్గర ఒక పాత సూది కనబడింది. అంబులెన్సులో పెట్టారో అంతకు ముందే పెట్టారో ఏ కాగితంలోనూ లేదు. దాని చుట్టూ చర్మం ఎర్రగా కాలుతోంది, నొక్కితే చీము వచ్చింది. ఏ స్కానింగూ చెప్పని కబురు అది.

ఇంకో చిక్కు ఏమిటంటే, జ్వరం వచ్చిన ప్రతివాడికీ ఇన్ఫెక్షన్ ఉండాలని లేదు. ఆపరేషన్ అయిన మొదటి రెండు రోజుల్లో వచ్చే జ్వరం చాలాసార్లు శరీరం గాయానికి పలికే పలుకే. రక్తం ఎక్కించినందుకు రావచ్చు. క్లోమం వాచి రావచ్చు. రాయి లేకుండానే పిత్తాశయం ఉబ్బి రావచ్చు. మెదడులో రక్తస్రావమైతే ఉష్ణాన్ని అదుపు చేసే చోటే దెబ్బ తిని రావచ్చు. తాగుడు హఠాత్తుగా మానినందుకు రావచ్చు. జ్వరం తగ్గడానికి ఇస్తున్న మందు వల్లనే జ్వరం రావచ్చు. ఈ చివరిది విన్నప్పుడు రోగి బంధువులు మా వంక చూసే చూపును వర్ణించడం నా వల్ల కాదు.

కొన్నాళ్ళ కిందటి సంగతి చెబుతాను. ఆయన నల్లగొండ వైపు గీత కార్మికుడు. తాడిచెట్టు మీద మోకు జారి పడ్డాడు. తలకు దెబ్బ, తుంటి ఎముక విరిగింది. చేరిన రాత్రే ఫిట్స్ వచ్చాయి గనక ఫెనిటాయిన్ మొదలుపెట్టారు. మెల్లగా తేరుకుంటున్నాడు. వెంటిలేటర్ అవసరం తగ్గుతోంది, పిలిస్తే కన్ను తెరుస్తున్నాడు. పదకొండో రోజు రాత్రి 102.4.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రాడు తెలివైనవాడు. నేను వెళ్ళేసరికి మెరోపెనెమ్, కొలిస్టిన్ రెండూ రాయడానికి సిద్ధంగా ఉన్నాడు. అతని భయం అర్థం లేనిది కాదు. మన ఐసీయూలలో తిరిగే క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ జాతులు చాలా మందులకు లొంగవు. కొలిస్టిన్ కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. మూత్రపిండాలను దెబ్బ తీస్తుందని ఎప్పుడో పక్కన పెట్టిన పాత మందు. మరేదీ పనిచెయ్యని రోజులు వచ్చాక మళ్ళీ బయటకు తీశారు. (ఆ ఆఖరి అస్త్రాన్నే కోళ్ళకు దాణాలో కలిపి పెట్టేవారు. మన దేశంలో 2019లో గాని దాన్ని నిషేధించలేదు.)

వరండాలో ఆయన కూతురు నిలబడి ఉంది. "సార్, నాయినకు మల్ల జరమొచ్చిందంట గదా. పెద్ద సూది ఇయ్యిన్రి సార్. పైసలకు ఎట్లనో తిప్పలు పడత."

పెద్ద సూది ఇవ్వడం చాలా సులువు. ఇస్తే కుర్రాడికి నిశ్చింత, కూతురికి నిశ్చింత, నాకు ఇంటికి పోయి పడుకునే వీలు. రేపు ఏదైనా జరిగితే అన్నీ ఇచ్చామని కాగితం మీద ఉంటుంది. ఇవ్వకుండా ఆగడానికే కారణాలు కావాలి, వాటిని రాసి సంతకం పెట్టాలి.

చూశాము. రక్తపోటు బాగుంది. ఆక్సిజన్ నిన్నటికంటే ఎక్కువ అక్కరలేదు. కఫం పెరగలేదు, ఎక్స్‌రే మారలేదు. లాక్టేట్ మామూలుగా ఉంది. మూత్రపు పైపు పాతది గనక దాన్ని తీసి, కొత్తది వేసి, కొత్తదాంట్లోంచి పరీక్షకు పంపాము. పాత పైపులో ఎప్పుడూ ఏదో ఒకటి పెరుగుతూనే ఉంటుంది. దాని మాట సాక్ష్యానికి పనికిరాదు. రక్తం మెడ లైనులోంచీ, చేతి నరంలోంచీ ఒకే సమయంలో తీశాము. రెండు సీసాల్లోనూ ఒకటే క్రిమి పెరిగి, లైను సీసా రెండు గంటలో అంతకంటే ఎక్కువో ముందుగా గంట కొడితే దొంగ ఆ లైనులోనే ఉన్నట్టు. పెద్దవాళ్ళకు మొత్తం 60 మిల్లీలీటర్ల దాకా తీస్తే మంచిదంటారు. ఒక చిన్న టీగ్లాసుడు. అది చూసి కూతురు, "ఇంక ఎంత రక్తం దీస్తరు సార్, ఆయన పెయ్యిల ఉన్నదే గంత," అంది. "ఇప్పుడు ఈ కాస్తా తియ్యకుండా మందు ఇస్తే, తరువాత ఎంత తీసినా ఏమీ కనబడదమ్మా," అన్నాను. ఒప్పుకున్నట్టు లేదు గాని అడ్డు చెప్పలేదు.

తరువాత నలుగురం కలిసి ఆయన్ని పక్కకు తిప్పాము. వీపు మీద దద్దుర్లు. మా చదువు పుస్తకాలలో దద్దుర్ల బొమ్మలన్నీ తెల్లవాళ్ళ చర్మం మీద గులాబీ రంగులో ఉంటాయి. నలభయ్యేళ్ళు ఎండలో చెట్లెక్కిన మనిషి వీపు మీద అవి అలా కనబడవు. కంటికంటే ముందు చేతికి తగిలాయి, సన్నటి ఇసుక పోసినట్టు. రక్తంలో ఇయొసినోఫిల్ కణాలు పెరిగి ఉన్నాయి, కాలేయం పరీక్షలు కొంచెం ఎక్కువగా ఉన్నాయి. పదకొండు రోజులుగా నడుస్తున్న మందు ఫెనిటాయిన్.

అది రుజువు కాదు, అనుమానం. ఫెనిటాయిన్ ఆపి, ఫిట్స్‌కు లెవెటిరాసిటమ్ మొదలుపెట్టమన్నాను. యాంటీబయాటిక్ ఏదీ ఇప్పుడు వద్దన్నాను. కుర్రాడు మెల్లగా, "సార్, ఏదన్నా అయితే?" అన్నాడు. ఆ ప్రశ్నకు గౌరవం ఇవ్వాలి. షాక్‌లో ఉన్న రోగికి ఇన్ఫెక్షన్ అనుమానం ఉంటే గంటలోపు మందు పడాలి, అక్కడ ఈ తర్కమంతా పక్కన పెట్టాలి. షాక్ లేనప్పుడే మనకు వెదకడానికి మూడు గంటల వ్యవధి; వెదికినా అనుమానం బలపడకపోతే ఆగి కనిపెట్టుకుని ఉండే వెసులుబాటు. అందుకని పట్టికలో రాసి పెట్టాము: సగటు రక్తపోటు 65 కన్నా తగ్గినా, లాక్టేట్ పెరిగినా, ఆక్సిజన్ ఎక్కువ కావలసివచ్చినా నన్ను అడగకుండానే ఇచ్చెయ్యాలి. మందు తెప్పించి మంచం పక్కనే పెట్టించాను.

ఆగడమంటే ఊరికే కూర్చోవడమని చాలామంది అనుకుంటారు. ఆ రాత్రి గంటకొకసారి చూశాము. మామూలుగా అయితే జ్వరాన్ని జ్వరంగా తగ్గించడానికి నేను తొందరపడను. 2015లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఐసీయూలలో ఇన్ఫెక్షన్ అనుమానమున్న 700 మంది మీద పారాసెటమాల్ పరీక్షించి చూశారు. ఇచ్చినవాళ్ళు ఐసీయూ బయట ప్రాణాలతో గడిపిన రోజులు ఇవ్వనివాళ్ళ కంటే చెప్పుకోదగ్గంత ఎక్కువని తేలలేదు. అంకెను తగ్గించడం కోసమే రోజూ మందులు వాడవద్దని 2023 మార్గదర్శకాలూ అంటున్నాయి. కాని తలకు దెబ్బ తగిలినవాడి మెదడుకు వేడి మంచిది కాదు. అందుకని ఆయనకు తడిబట్టలూ పెట్టాము, పారాసెటమాలూ ఇచ్చాము. ఏ సూత్రాన్నయినా మంచం మీదున్న మనిషిని చూసే అన్వయించుకోవాలి.

మరునాడూ 102. సాయంత్రానికి కూతురి ముఖంలో నా మీద నమ్మకం అడుగంటింది. ఊరినుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన "వేరే ఆసుపత్రికి తీస్కపోదుమా" అని నాకు వినబడేటట్టే అన్నాడు. ఆయనను తప్పుపట్టను. బయట వరండాలో కూర్చున్నవాళ్ళకు మేము చేస్తున్నవి కనబడతాయి గాని మానుకుంటున్నవి కనబడవు. మూడో రోజు 100.2. నాలుగో రోజు 99. అయిదు రోజులు యంత్రంలో పెట్టి చూసినా ఏ సీసాలోనూ ఏమీ పెరగలేదు.

నేను తరువాత చాలాసార్లు తలుచుకున్నది తగ్గిన సంగతి గురించి కాదు. ఆ రాత్రి రెండు పెద్ద మందులూ పడి ఉంటే, మరునాడు వీపు మీది దద్దుర్లు ఎవరికైనా కనబడినప్పుడు ఆ నేరం కొత్త మందుల మీదికే పోయేది. ఫెనిటాయిన్ అలాగే నడిచేది. ఫెనిటాయిన్‌తో మొదలైన ఇలాంటి జ్వరం కొందరిలో ముదిరి, కాలేయాన్నీ మూత్రపిండాలనూ పట్టుకుంటుంది. అప్పుడు మందు ఆపినా ప్రాణానికి హామీ ఉండదు. ఆ మనిషికి కొలిస్టిన్ కూడా తోడయ్యేది. కూతురు అప్పు తెచ్చి వాటన్నిటికీ బిల్లు కట్టేది.

వార్డుకు మార్చే రోజు ఆమె అడిగింది. "ఏం మందు మారిస్తే తగ్గింది సార్?"

"ఒక మందు ఆపితే తగ్గిందమ్మా."

కాసేపు నా వంక చూసి, "మరి ఆ మందు ఎవలు ఇచ్చిన్రు సార్?" అంది. న్యాయమైన ప్రశ్నే. ఫిట్స్ ఆపడానికి అది అవసరమై ఇచ్చినదేననీ, కొందరి ఒంటికి అది సరిపడదనీ, ఎవరికి సరిపడదో ముందు తెలియదనీ చెప్పాను. తరువాత ఒక చీటీ మీద ఫెనిటాయిన్ పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెద్ద అక్షరాలతో రాసి, దానికి దగ్గరి జాతివైన మరో రెండు మందుల పేర్లు కింద చేర్చి, ఏ ఊళ్ళో ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందు ఇది చూపించమన్నాను. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి, వాళ్ళ నాయిన ఆధార్ కార్డు ఉన్న ప్లాస్టిక్ కవరులో దోపుకుంది.