ఆరు నిముషాల ట్రైలర్‌లో ఒక ఆడపిల్ల

పిల్లలు ఫోనో కంప్యూటరో పట్టుకుని ఆటల్లో మునిగిపోతే మనకు ఒళ్ళు మండుతుంది. "ఆ ఆటలు కట్టిపెట్టి నాలుగు ముక్కలు చదువుకోండర్రా" అని రోజుకి పదిసార్లయినా అంటాం. కానీ ఆ ఆటల్లో అసలేముంటుందో పక్కన కూర్చుని చూసిన తల్లులం ఎంతమందిమి చెప్పండి? సీరియల్లో ఏ కోడలు ఎవరి పాలల్లో ఏం కలిపిందో తడుముకోకుండా చెప్పగలం. పిల్లల ఆటల దగ్గరికొచ్చేసరికి "ఏముందీ, నరుక్కోవడాలూ చంపుకోవడాలూ" అని ఒక్క మాటలో తేల్చిపారేస్తాం.

మా అమ్మాయి డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. దానికి ఈ ఆటలంటే ప్రాణం. "ఆట వద్దులేమ్మా, రాబోయే ఆటకి ట్రైలర్ వచ్చింది, అదొక్కటీ చూడు, ఆరు నిముషాలే" అని నన్ను బలవంతాన కూర్చోబెట్టింది. సినిమాకి ట్రైలర్ ఉంటుందని తెలుసు గానీ ఆటకి ట్రైలరేమిటో, చోద్యం కాకపోతే అనుకుంటూనే చూశాను. చూశాక మాత్రం రెండు రోజులు అదే ఆలోచన. ఎందుకో చెబుతాను వినండి.

ఆ ఆట పేరు 'ది విచర్ 4'. పోలండ్ దేశంలో వార్సా నగరానికి చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ అనే సంస్థ తయారుచేస్తోంది. దీనికి మూలం ఆ దేశపు రచయిత ఆండ్రేయ్ సప్కోవ్‌స్కీ రాసిన కథలు. మొదటి కథ 1986లో ఒక పత్రికలో అచ్చయిందట. మన వారపత్రికల్లో కథలు సినిమాలైనట్టే అక్కడ ఆ కథలు నవలలై, తర్వాత ఆటలయ్యాయి. మొదటి ఆట 2007లో వచ్చింది. 2015లో వచ్చిన మూడో ఆట 2023 నాటికి 5 కోట్ల కాపీలు దాటి అమ్ముడుపోయింది. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో సీరియల్‌గా కూడా మొదలైంది.

'విచర్' అంటే డబ్బు పుచ్చుకుని రాక్షసుల్ని చంపిపెట్టే వేటగాడు. చిన్నప్పుడే ఏవేవో మందులు పోసి, కఠినమైన శిక్షణ ఇచ్చి తయారుచేస్తారు. రెండు కత్తులుంటాయి. వెండి కత్తి రాక్షసులకి, ఉక్కు కత్తి మనుషులకి. ఈ రెండో కత్తి సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

దీన్ని 'ఓపెన్ వరల్డ్' ఆట అంటారు. అంటే ఏమిటే అనడిగితే మా అమ్మాయి తిరునాళ్ళతో పోల్చి చెప్పింది. రైల్లో కూర్చుంటే అది తీసుకెళ్ళిన దారినే వెళ్ళాలి. తిరునాళ్ళలో అలా కాదు కదా, ముందు రంగులరాట్నం ఎక్కుతావో, గాజుల కొట్టుకెళ్తావో, జీళ్ళు కొనుక్కుంటావో నీ ఇష్టం. ఆ ఆటలో కూడా ఊళ్ళూ, అడవులూ, కొండలూ అన్నీ ఉంటాయి. ఎటు వెళ్ళాలో, ఎవరితో మాట్లాడాలో, ఎవరికి సాయం చెయ్యాలో ఆడేవాళ్ళే నిర్ణయించుకోవాలి. వాళ్ళ నిర్ణయాన్ని బట్టి కథ కొంత మారుతుంది కూడా.

ఇక ట్రైలర్ సంగతి. 2024 డిసెంబర్ 12న అమెరికాలో లాస్ ఏంజిలెస్‌లో జరిగిన 'గేమ్ అవార్డ్స్' సభలో దీన్ని మొదటిసారి చూపించారు. మారుమూల పల్లె. మియోనీ అని ఒక వయసొచ్చిన పిల్ల. ఆ పిల్లని ముస్తాబు చేస్తారు. పెళ్ళికూతురేమో అనుకున్నాను నేను. కాదు, అడవిలో ఉన్న రాక్షసికి బలి ఇవ్వడానికి. అలా ఒక పిల్లని పంపకపోతే ఊరికి కీడు జరుగుతుందని వాళ్ళ నమ్మకం. ఆ పిల్ల అడవి దారిన వెళ్తుంటే మన కథానాయిక ఎదురవుతుంది.

అవును, నాయికే. వెనకటి ఆటల్లో గెరాల్ట్ అనే మగవాడు ముఖ్యుడు. ఈసారి అతను కూతురిలా పెంచిన సిరి ముందుకొచ్చింది. మన సిరిసంపదల సిరి కాదులెండి, సిరిల్లా అనే పేరుకి ముద్దుపేరు. రాణిగారి మనవరాలిగా పుట్టి, యుద్ధంలో ఊరూ వాడా పోగొట్టుకుని, పరాయివాళ్ళ చేతుల్లో పెరిగిన పిల్ల. నెరిసినట్టుండే జుట్టు, చెంప మీద కత్తిగాటు. ఆ సిరి మియోనీని వెనక్కి పంపించేసి, తనే రాక్షసి దగ్గరికి వెళ్ళి చంపేస్తుంది.

ఇక్కడిదాకా చూసి "ఓస్, ఇది మన బకాసురుడి కథే కదే" అన్నాను. ఏకచక్రపురంలో రోజుకో ఇంటివాళ్ళు బండెడు అన్నం, దున్నపోతులతో పాటు ఒక మనిషిని పంపాలి. పాండవులు తలదాచుకున్న ఇంటికి వంతు వస్తుంది. తండ్రి నేను వెళ్తానంటాడు, తల్లి నేనంటుంది, కూతురు నేనంటుంది, ఆఖరికి పసివాడు గడ్డిపరక పట్టుకుని దీంతో రాక్షసుణ్ణి చంపేస్తానంటాడు. కుంతి విని, నాకు ఐదుగురు కొడుకులున్నారు, ఒకణ్ణి పంపుతానని భీముణ్ణి పంపుతుంది. విచిత్రమేమిటంటే ట్రైలర్‌లో రాక్షసి పేరు కూడా 'బౌక్'. మన బకుడికీ దానికీ చుట్టరికం ఏమీ లేదు. సెర్బియా వైపు పల్లెల్లో పిల్లల్ని భయపెట్టే బూచి పేరట అది.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. ఏకచక్రపురంలో బకుడు చచ్చాక జనం పండగ చేసుకున్నారు. ఇక్కడ సిరి గెలిచి ఊళ్ళోకి వచ్చేసరికి మియోనీ శవమై ఉంటుంది. రాక్షసి చంపలేదు, అది అప్పటికే చచ్చింది. బలి తప్పించుకుని వచ్చిన పిల్ల వల్ల దేవతలకి కోపం వస్తుందని ఊరివాళ్ళే చంపేశారు. వాళ్ళు దేవతల పేరెత్తితే సిరి కోపంతో, ఇక్కడ దేవతలెవరూ లేరు, రాక్షసులే ఉన్నారనే అర్థం వచ్చే మాటంటుంది. ఉక్కు కత్తి మనుషుల కోసమని ఎందుకన్నారో నాకప్పుడు బోధపడింది.

మా అమ్మాయీ, దాని స్నేహితులూ ఈ ట్రైలర్‌ని ముక్కముక్కగా ఆపి ఆపి చూస్తారు. మెడలో పతకం మీద ఉన్నది తోడేలా, మరో జంతువా అని చర్చ. అది అడవిపిల్లి జాతి లింక్స్ అట. 2022 మార్చిలో ఆట గురించి మొదటి ప్రకటన ఇచ్చినప్పుడు మంచులో పడి ఉన్న అదే పతకం బొమ్మ వేశారు. మందు తాగగానే సిరి కళ్ళు పిల్లి కళ్ళలా మారాయి కాబట్టి, ఇంతకాలం మగపిల్లలకే చేసిన ఆ మందుల పరీక్ష ఈమెకీ జరిగిందా అని ఇంకో చర్చ. ఇవన్నీ కాక, ఆడమనిషిని నాయికని చేశారేమిటని కొందరు మగపిల్లలు కోపాలు పోయారు, ఆమె ముఖం బాగాలేదని వంకలు పెట్టారు. రాక్షసిని చంపే మనిషికి కూడా పెళ్ళిచూపులు తప్పలేదన్నమాట!

నేను మాత్రం వేరే సంగతి చూశాను. ఆ ఊళ్ళో ఎవరూ క్రూరుల్లా కనబడరు. మన చుట్టుపక్కల ఉండేలాంటి మనుషులే. అందరికీ ఊరి క్షేమమే కావాలి. ముస్తాబు చేసే చేతులు కూడా మెత్తగానే చేస్తాయి. ఒక్కటే లోపం, నీకిష్టమేనా అని ఆ పిల్లని అడిగినవాళ్ళు లేరు.

నేను ట్రైలర్ చూసిన పది రోజులకి మా ఇంట్లో ఒక సంబంధం సంగతి వచ్చింది. మావారి తరఫు పెద్దలే తెచ్చారు. కుర్రాడికి మంచి ఉద్యోగం, జాతకాలు కలిశాయి, మాఘమాసం దాటితే మళ్ళీ మంచి ముహూర్తం లేదు, పరీక్షలదేముంది పెళ్ళయ్యాక రాసుకుంటుంది అన్నారు. కాదంటే పెద్దల మాట తోసిపుచ్చినట్టు, ఇంటికి మంచిది కాదని ఒకావిడ దీర్ఘం తీసింది. పిల్ల పక్క గదిలోనే ఉంది. హాల్లో ఎనిమిది మందిమి ఉన్నాం. గంటసేపు మాట్లాడుకున్నారు. దాన్ని పిలిచి ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు.

పెళ్ళిని బలితో పోలుస్తావా అని నన్ను తిట్టకండి. పెళ్ళి మంచిదే. నేను ఇంటర్ పూర్తిచేసిన వేసవిలోనే పీటల మీద కూర్చున్నాను. మావారు మంచివారు, నాకే లోటూ చెయ్యలేదు. అయినా నన్నప్పుడెవరూ అడగలేదన్న సంగతి ఇన్నేళ్ళయినా మనసులో ముల్లులా ఉండిపోయింది. కాఫీ గ్లాసులు అందిస్తూనే "అన్నయ్యగారూ, ముందు పిల్లని అడుగుదాం" అన్నాను. ఒక్కసారి అందరూ గప్‌చిప్. మావారు నా వంక చూసి, "అవును, అడగాల్సిందే" అన్నారు. పిల్లొచ్చి, డిగ్రీ అయ్యాక హైదరాబాదులో యానిమేషన్ నేర్చుకుంటాననీ, రెండేళ్ళు ఆగమనీ తడబడకుండా చెప్పింది. సంబంధం వెనక్కిపోయింది. తెచ్చినవాళ్ళు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడరు. ఆ బాధ నాకుంది. కానీ పిల్ల నోటితో పిల్ల మాట వినబడింది, అది చాలు.

ట్రైలర్ బాగుంది కదా అని ఆట కూడా అలాగే ఉంటుందనుకోవడానికి లేదు. ఇది తల్లులు తెలుసుకోవాల్సిన విషయం. బట్టల కొట్లో బొమ్మకి కట్టిన చీర మనం కట్టుకుంటే అలాగే ఉండదు కదా! ఈ ట్రైలర్‌ని ముందే కంప్యూటర్లో తీరిగ్గా తయారుచేసి పెట్టుకున్నారు, ఆడుతుండగా తీసింది కాదు. ఆ మాట వాళ్ళే చెప్పుకున్నారు కూడా. వార్సాలోని ప్లాటిజ్ ఇమేజ్ అనే స్టూడియోవాళ్ళు ఇందులో చెయ్యి వేశారు. 2025 జూన్‌లో ప్లేస్టేషన్ 5 మీద నడిపి ఇంకో నమూనా చూపించారు. అందులో సిరి గుర్రమెక్కి ఒక ఊరి సంతకి వస్తుంది, ఆ సంతలో 300 మంది మనుషులు ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ తిరుగుతారు. అది కూడా సాంకేతిక నైపుణ్యం చూపించే నమూనాయే గాని ఆట కాదు.

ఇదే సంస్థ 2020 డిసెంబర్‌లో 'సైబర్‌పంక్ 2077' అనే ఆటని విడుదల చేసింది. ఏళ్ళ తరబడి ఊరించే ట్రైలర్లు చూపించి, తీరా ఆట వచ్చాక పాత యంత్రాల మీద సరిగ్గా నడవలేదు. సోనీ వాళ్ళు తమ దుకాణంలోంచి తీసేసి డబ్బు వాపసిచ్చారు. 2021 జూన్‌లో గాని మళ్ళీ పెట్టలేదు. తర్వాత సంస్థవాళ్ళు చాలా బాగుచేశారనుకోండి, అది వేరే సంగతి. ఈ కొత్త ఆట 2026లో కూడా రాదని 2025లోనే చెప్పేశారు. కాబట్టి పిల్లలు ముందే డబ్బు కట్టేస్తామని తొందరపెడితే, విడుదలయ్యాక ఆడినవాళ్ళు ఏమంటారో చూసి కొందామనండి.

ఇంకో మాట. దీనికి ముందు వచ్చిన మూడో ఆటకి ఐరోపాలో 18 ఏళ్ళు నిండినవాళ్ళకే అని గుర్తు వేశారు. రక్తపాతం, పెద్దవాళ్ళ విషయాలు ఉంటాయి. ఎనిమిదో తరగతి పిల్లాడు అడిగితే ఇవ్వవలసింది కాదు. ఏ ఆటకైనా అట్ట మీద గాని, కొనే చోట గాని వయసు అంకె ఉంటుంది. పిండి ప్యాకెట్ మీద తేదీ చూసినట్టు ఆ అంకె చూడడం అలవాటు చేసుకోండి.

వయసొచ్చిన పిల్లలైతే మాత్రం ఒక్కసారి పక్కన కూర్చుని, ఇదేమిటి, వీడెవడు, ఇలా ఎందుకు చేశాడు అని అడగండి. విసుక్కోరు, సంబరంగా చెబుతారు. నేను వంటింట్లో ఉంటే ఇప్పుడు మా అమ్మాయి వచ్చి గట్టు మీద కూర్చుని ఆ ఊళ్ళ కథలన్నీ చెబుతుంటుంది. ఆ మాటల మధ్యలోనే కాలేజీ సంగతులూ, తన భయాలూ కూడా బయటికొస్తాయి. పోపు మాడకుండా చూసుకుంటూ వింటున్నాను.