రాత్రి బండి నిద్రపోయే చోటు

కొత్త బండి కనపడితే చాలు, మనవాళ్లు మొట్టమొదట అడిగేది ‘మైలేజీ ఎంతిస్తోంది?’ అనే. రంగు, రూపం, ఖరీదు అన్నీ ఆ తర్వాతే. విజయవాడలో ఆటోలు నడిపే ఓ బావా బావమరుదులు కూడా ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టారు. ఇద్దరి పాత బండ్లూ ఒకే ఏడాది మూలకు చేరాయి. ఇద్దరూ రోజుకు వంద కిలోమీటర్లకు అటూ ఇటూగా తిరిగేవాళ్లే. బస్టాండు, బెంజిసర్కిల్, ఎప్పుడైనా గన్నవరం... దారులూ దాదాపు అవే. కాబట్టి ఇద్దరికీ ఒకే రకం బండి సరిపోవాలి కదా!

పెట్రోలు మాట మొదట్లోనే కొట్టేశారు. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలుకంటే మూడోవంతు తక్కువ. దాంతో మైలేజీ కాస్తయినా తగ్గుతుంది. ఎల్పీజీ ఒకప్పుడు మంచి ఊపుమీద ఉండేది. బండ్లలో దాని వాడకానికి 2000లో చట్టం ఒప్పుకుంది. అంతకుముందూ ఆ తర్వాతా వంటింటి సిలిండరును దొంగచాటుగా కారు డిక్కీలో బిగించుకున్న ఘనులూ లేకపోలేదు! అయితే వీళ్లు తిరిగే దారిలో ఎల్పీజీ బంకు లేదు. బంకు లేని ఇంధనం ఎంత చవకైతే ఏం లాభం?

ఇక మిగిలినవి రెండు... సీఎన్జీ, కరెంటు.

సీఎన్జీ పాత చుట్టమే. గాలికంటే తేలిక కాబట్టి లీకైనా పైకి పోతుంది, ఎల్పీజీలా కిందే పేరుకోదు. అలాగని అలక్ష్యం పనికిరాదు. సిలిండరులో దాని ఒత్తిడి టైరులో గాలికి దాదాపు వంద రెట్లు. అందుకే మూడేళ్లకోసారి సిలిండరు పరీక్ష తప్పనిసరి. మండుటెండలో నింపితే గ్యాసు తక్కువ పడుతుంది. డ్రైవర్లు చల్లబడ్డాక బంకుకు వెళ్లేది అందుకే. అసలు బాధ క్యూ. బస్సులన్నీ సీఎన్జీకి మారాలని 1998లో సుప్రీంకోర్టు ఆదేశించాక ఢిల్లీలో ఆటోవాళ్లు బంకుల ముందు గంటలకొద్దీ పడిగాపులు పడ్డారు. బెజవాడలోనూ క్యూలో పోయిన గంటకు కిరాయి ఎవరూ ఇవ్వరు.

బావమరిది కాగితం, పెన్ను తీశాడు. సీఎన్జీ వంద కిలోమీటర్లకు మూడు కిలోలు, కిలో 90 రూపాయలనుకున్నా 270. కరెంటు ఆటోకి ఎనిమిది యూనిట్లు, యూనిట్ పది రూపాయలు వేసుకున్నా 80. రోజుకు 190 మిగులు. నెలకు పాతిక రోజులు తిరిగితే 4,750.

‘‘చూశావా బావా, సగం వాయిదా ఇందులోనే తీరిపోతుంది. కళ్లు మూసుకుని కరెంటు బండి తీసుకో’’ అన్నాడు.

‘‘ఏరా, మరి చార్జింగు ఎక్కడ పెట్టమంటావు?’’

అక్కడ ఆగింది లెక్క. బావమరిదిది కానూరులో సొంత ఇల్లు. రెండు గదులే అయినా ముందు వరండా ఉంది, పక్కన ప్లగ్గు ఉంది. రాత్రి నాలుగు గంటలు తగిలిస్తే తెల్లారేసరికి బండి సిద్ధం. బావది విద్యాధరపురం కొండమీద అద్దె ఇల్లు. కిందినుంచి నూటికి పైగా మెట్లు. బండి కొండ కిందే, రోడ్డు పక్కన పడుకుంటుంది. మీటరు ఇంటి ఓనరుది.

‘‘పైనుంచి ఓ పొడవాటి వైరు వదిలేస్తే?’’ అన్నాడు బావ.

‘‘వానొస్తే? మెట్లెక్కే పిల్లలు తొక్కితే?’’ అంది ఆయన భార్య. ఆ మాటకు ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

ఎవరిని అడిగినా బండి రోజంతా ఎంత తిరుగుతుందో చెప్తారు. రాత్రి ఎక్కడ ఆగుతుందో షోరూములో అడిగేవాళ్లు తక్కువ. కరెంటు బండికి మాత్రం ఆ ప్రశ్నే ముఖ్యం. కారు కొనే అపార్టుమెంటు వాళ్లకూ ఇదే చిక్కు. సెల్లారులో తన చోటుకు తన మీటరు నుంచి లైను రాకపోతే ఎంత గొప్ప బ్యాటరీ అయినా వీధి చార్జరు దయమీద బతకాల్సిందే. ప్రభుత్వం రాయితీలిస్తుంది, పన్ను తగ్గిస్తుంది. వరండా మాత్రం ఇవ్వలేదు.

బావ సీఎన్జీ బండి తీసుకున్నాడు, బావమరిది కరెంటు బండి. అతనికీ తిప్పలు లేకపోలేదు. సాయంత్రం మీటరులో పాతిక శాతం చూపిస్తుంటే గన్నవరం కిరాయి వచ్చినా వదులుకోవాలి. గ్యారంటీ ముగిశాక బ్యాటరీ మార్చాల్సివస్తే లక్షకు తక్కువ కాదన్నారు. అందుకని అతని భార్య రోజూ వంద రూపాయలు తీసి పక్కన పెడుతోంది. లెక్కలో 190 మిగులైనా, చేతికొచ్చేది అసలు 90 అన్నమాట! ఈ సంగతి కాగితం మీద రాయలేదని బావ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటాడు.

అలా దెప్పుతూనే, మొన్న కొండ కింద పిండిమర దగ్గర ఆగాడు. వచ్చే బండి నాటికైనా ఓ ప్లగ్గు, సబ్ మీటరు పెట్టుకోనిస్తారా అని అడిగాడు. మరాయన తల గోక్కున్నాడు. ‘‘నాదీ అద్దె షాపే అన్నా. ఓనరును అడిగి చెప్తా’’ అన్నాడు.